రెండు కిలోమీటర్ల కటుంగె

కితువాని మలుపు నుంచి సంత దాకా మా రోడ్డు సరిగ్గా రెండు కిలోమీటర్లు. కాగితాల మీద అది కౌంటీ సర్కారు వాళ్లది. ఎన్నికలప్పుడు నలుగురైదుగురిది. వాన పడితే మాత్రం ఎవరిదీ కాదు. కటుంగె పార పట్టుకుని దిగాక అది కటుంగెది అయింది. కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే నవంబరు నెలలో వచ్చి ఆ రోడ్డు మీద ఒకసారి నడిచి, తర్వాత మాట్లాడవచ్చు.

కటుంగె నాకు చుట్టం కాదు. మా చెలక దిగువన వాళ్ల చెలక. మనిషి పొట్టి. మడమలు వెడల్పు. నడిచేటప్పుడు తల ఎత్తదు. సిగ్గు వల్ల అనుకునేవాళ్లు ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడలేదన్నమాట. ఎదురుగా మొగుడు వస్తున్నా ముందు అతని కాళ్ల కింద నేల చూస్తుంది, తర్వాతే మొహం. ఆ మొగుడు ముసెంబి చెక్కబొమ్మలు చెక్కుతాడు. నోట్లోంచి మాట రావడానికి అతనికి ఒక పూట పడుతుంది. ఇంట్లో మాట్లాడే పనంతా ఆమే చేస్తుంది కాబట్టి ఇద్దరికీ సుఖంగానే ఉంది.

ఈ రోడ్డుతో ఆమెకు పాత లెక్క ఉంది. పందొమ్మిదేళ్ల కిందట నిండు నెలలతో పికప్పు బండిలో ఆస్పత్రికి బయలుదేరితే, మామిడి ఏటవాలు దగ్గర బండి ఇరుసు దాకా దిగబడింది. తోసేవాళ్లు తోశారు, తిట్టేవాళ్లు తిట్టారు. బిడ్డ ఎవరి కోసమూ ఆగలేదు. బండి వెనకాల, పెసల బస్తాల మధ్య, నా చేతుల్లోనే పుట్టింది. మా వాళ్లలో బిడ్డకు పుట్టిన వేళనో చోటునో పట్టి పేరు పెడతారు. ఈ పిల్లకు న్జియా అని పెట్టాం, రోడ్డు అని. ఇప్పటికీ ఎవరైనా కాన్పుల సంగతి ఎత్తితే కటుంగె అంటుంది:

"నాకు మంత్రసానులు ఇద్దరమ్మా. ఒకళ్లు ఇదిగో ఈ సియోకావక్క. రెండోది ఆ గొయ్యి. నిజం చెప్పాలంటే గొయ్యే ముందొచ్చింది."

పచ్చి బాలింతగా నెల తిరిగిందో లేదో, పిల్లను వీపున కట్టుకుని వచ్చి ఆ గొయ్యి పూడ్చింది. మళ్లీ పడింది. మళ్లీ పూడ్చింది. అలా ఏళ్ల తరబడి. ఊరు నవ్వింది. నేనూ నవ్వాను, దాచుకోవడం దేనికి. చెలకలో కలుపు వదిలేసి సర్కారు గోతులు పూడ్చే ఆడదాన్ని చూసి నవ్వక ఏం చేస్తాం. కానీ పూడ్చి పూడ్చి ఆమెకు గోతుల గుట్టు తెలిసింది.

మూడేళ్ల కిందట మవేవు అనే కుర్ర ఇంజినీరు కౌంటీ ఆఫీసుకు కొత్తగా వచ్చాడు. ఎక్కడెక్కడో చదువుకుని వచ్చిన పిల్లాడు, అయినా బండి దిగి నడుస్తాడు. ఒకరోజు కటుంగె గొయ్యి పూడ్చకుండా ఇంకా పెద్దది చేస్తుంటే చూసి ఆగాడు.

"అదేంటమ్మా, ఉన్న గొయ్యి చాలలేదా?"

"పుచ్చిన పన్నులో మన్ను కూరితే నిలుస్తుందా నాయనా? ముందు పుచ్చంతా గీకెయ్యాలి. చుట్టూ గోడలు నిలువుగా కొయ్యాలి. అప్పుడు తడి మొరం బెత్తెడు వేసి దిమ్మిస కొట్టాలి. మళ్లీ బెత్తెడు, మళ్లీ దిమ్మిస. ఒక్కసారే నింపేస్తే పైన గట్టిగా కనపడుద్ది, లోపల గుల్లే."

ఆ కుర్రాడు గొయ్యి అంచున కూర్చుని లోపలికి తొంగిచూశాడట. "ఇది మేము నాలుగేళ్లు చదువుకున్నామమ్మా" అన్నాడట.

"అయ్యో పాపం. ఫీజులు కూడా కట్టుంటారు" అంది కటుంగె.

అక్కణ్ణుంచి ఇద్దరికీ జత కుదిరింది. అతను చెప్పేది ఆమె వినేది, ఆమె చేసేది అతను రాసుకునేవాడు. రోడ్డుకు వీపు ఉండాలని, గాడిద వీపులా నడుమ ఎత్తుగా, అటూ ఇటూ జారుగా ఉంటే వాన నీళ్లు నిలవవని చెప్పాడు. ఆ వాలు కొలవడానికి పలక కావాలంటే ముసెంబి మామిడి చెక్కతో చేసి, నడుమ రసమట్టం బిగించి ఇచ్చాడు. చేతులు ఊరుకోక ఆ పలక చివర జిరాఫీని కూడా చెక్కాడు. రోడ్డంతా ఒక్కసారే బాగు చేయాలని డబ్బు కోసం పదేళ్లు కూర్చోవడం కంటే, చెడిన నాలుగు చోట్లే పట్టుకుని గట్టి చేస్తే బండ్లు ఏడాదంతా తిరుగుతాయని ఇప్పుడు పెద్ద పెద్ద చదువుల వాళ్లంతా లెక్కలు తీసి తేల్చారట. మామిడి ఏటవాలు దగ్గర మన్ను నింపిన గోనె సంచులు వరసలుగా పేర్చి, దిమ్మిస కొట్టి, పైన మొరం పరిచారు. బండి దిగబడడం ఆగిపోయింది.

అసలు చిక్కు ఆ ఏటవాలు పక్క కాలువతో వచ్చింది. కొండ మీంచి దిగే నీళ్లన్నీ అందులో కలిసి పరుగెత్తి, బలం పుంజుకుని, కింద మలుపు దగ్గర రోడ్డును తెగ్గొట్టేవి. ఏటా అంతే.

"రోడ్డును చంపేది లారీ కాదమ్మా, నీళ్లు" అన్నాడు మవేవు, ఈసారి వానలకు ముందు వచ్చి. "వాటికి బలం రాకముందే అక్కడక్కడా పక్కకు తిప్పెయ్యాలి. ఈ ఏటవాలు మీద ఎనిమిది నోళ్లు తెరవాలి. కొన్ని కొన్ని నీళ్లు ఒక్కో చెలకలోకి దిగిపోతే రోడ్డూ మిగులుద్ది, చెలకా తడుస్తుంది."

ఆ మాటతో పాటు ఇంకో మాటా చెప్పాడు. పై ఆఫీసులో మా ఊరి ఆడవాళ్ల గుంపుకు రోడ్డు బాగోగులు అప్పజెప్పడం ఇష్టం లేనివాళ్లు ఉన్నారు. ఈ వానలు ముగిసేదాకా ఒక్కరోజు కూడా రోడ్డు తెగకపోతే పని కటుంగెకు రాసిస్తారు. తెగితే రోడ్డు చదును చేసే గ్రేడరు యంత్రమున్న కాంట్రాక్టరుకు పోతుంది. రోడ్డు మీద ఆమె అన్నేళ్ల కష్టానికి పేరు ఉంటుందా పోతుందా అన్నది ఆ ఎనిమిది నోళ్ల మీద పడింది.

ఇది విని ఎక్కువ సంతోషించినవాడు మా మరిది ములాండి. ఇరవై ఆరేళ్లు గ్రేడరు తోలి ఇంటికొచ్చిన మనిషి. కొండ మీద కుర్చీ వేసుకుని, రేడియో ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ ఉంటాడు.

"గ్రేడరొస్తే ఒక్క పొద్దు పని వదినా. ఈవిడ దిమ్మిస కొట్టేది ఎన్నాళ్లు? మనవరాళ్లు పుట్టేదాకానా?"

"నీ గ్రేడరు వచ్చి పోయాక ప్రతిసారీ రోడ్డు పళ్లెంలా గుంట పడేది కదయ్యా మరిదీ. అందులో బాతులు ఈదేవి."

"బాతుల సంగతి నాకు తెలీదు. నేను ముందుకు చూసి తోలేవాణ్ణి."

నోళ్లు తెరవాలంటే చెలకల వాళ్లు ఒప్పుకోవాలి. నాలుగో నోరు నా కందిచేలోకి. నేను ఒప్పుకోలేదు. వెనకటికి ఒక తూము నీళ్లు తెచ్చి నా నేలను మనిషి లోతున కోసిపారేసిన సంగతి నాకు గుర్తుంది. కటుంగె మూడు రోజులు వరసగా వచ్చింది. మూడో రోజు నా పొయ్యి దగ్గర కూర్చుని, నేను ఉడికించిన ఇస్యో ఒక గిన్నెడు తిని, మూతి తుడుచుకుని అంది:

"అక్కా, నీ ఇస్యోలో కందులు లేవేంటి, అన్నీ మొక్కజొన్నలే?"

"పండితే కదా వేసేది."

"ఎందుకు పండలేదు?"

"నీళ్లు లేక. నీకు తెలీదా?"

"తెలుసు. నీ నోటితో వినాలని." లేచి నడుముకు చుట్టుకున్న లెసో గుడ్డ దులుపుకుంది. "ఆ తూము ఊరి నీళ్లన్నీ మూటగట్టి నీ ఒక్కదాని నెత్తిన పోసింది. నేను పోసేది ఎనిమిదో వంతు. అడ్డంగా నీ మెట్ల వెంట నడిపిస్తా, నిలువుగా పరుగెత్తనివ్వను. నీ నేల తెగితే నా చెలక నువ్వు తీసుకో."

"నీ చెలక రాళ్ల కుప్ప. దాన్నేం చేసుకోను."

"అందుకే తెగనివ్వను."

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమే కాదు, ఒకరి పనికి ఒకరు సాయం పట్టే మా మ్వెత్యా గుంపుకు నేనే పెద్దను కాబట్టి ముప్పైరెండు మంది ఆడవాళ్లను పారలతో సహా ఒక శుక్రవారం దించాను. ఆరోజు కటుంగె కింద మలుపు దగ్గర గోనె సంచుల పనిలో ఉంది. పైన ఎనిమిది నోళ్లూ నావి.

మేము పని చేయడం చూడాలి. పాట నేను ఎత్తుకుంటాను. పార పడడం, లేవడం, మన్ను ఎగరడం అంతా పాటలోనే ఉంటుంది. మా అమ్మలు, వాళ్ల అమ్మలు ఈ కొండలన్నిటినీ అలాగే మెట్లుగా కోశారు. కొండకు అడ్డంగా కాలువ తవ్వాలి, మన్ను ఎగువకు విసరాలి. దిగువకు ఊరికే జార్చేది సోమరి. చిన్నప్పుడు నేను ఒక్కసారి దిగువకు వేస్తే మా అమ్మ మణికట్టు మీద పారకర్రతో కొట్టింది. నాలుగో తరగతితో బడి మానేసిన నాకు ఆ కర్ర నేర్పింది మాత్రం ఏ పరీక్షలోనూ తప్పలేదు. పొద్దు వాలేసరికి ఎనిమిది నోళ్లు తెరిచి, ఎగువ ఒడ్డున గట్లు నున్నగా దువ్వి పెట్టాం. కటుంగె పైకి వచ్చి ఒక్కొక్కటే చూసింది.

"బంగారంలా ఉన్నాయి అక్కా" అంది.

ఆమెకూ తప్పు కనపడలేదు. ఆమె కూడా మా కొండల మధ్యే పుట్టి పెరిగింది మరి.

మంగళవారం మధ్యాహ్నం మొదటి జల్లు పడింది. అసలు వాన కాదు, వానకు ముందు వచ్చే పలకరింపు. పక్క కాలువలో నీళ్లు ఉరుకుతూ వచ్చాయి, మొదటి నోటి దగ్గర ఎగువ ఒడ్డున మేము దువ్వి పెట్టిన గట్టుకు తలబాదుకున్నాయి, లోపలికి దారి లేక రోడ్డెక్కాయి. రెండో నోరూ అంతే. మూడోదీ. నేను గొడుగు కూడా లేకుండా పరుగెత్తి వెళ్లేసరికి, కటుంగె గాడిద వీపులా తీర్చిన రోడ్డు మీద మూరెడు వెడల్పున కోత పడుతోంది. కొండ మీంచి ములాండి గొంతు వినపడింది:

"వదినా, రోడ్డుకు కొత్త నది వచ్చిందే. పేరేం పెడతారు?"

నేను చేతులతోనే కోతకు మన్ను అడ్డం వేయబోయాను. నీళ్లు దాన్నీ పట్టుకుపోయాయి.

కటుంగె అరవలేదు. పక్క కాలువలోకి దిగి, నీళ్లు వచ్చే వైపు వీపు పెట్టి, నీళ్లతో పాటు నడిచింది. మొదటి నోటి దగ్గరకు వచ్చి ఆగింది. ఎదురుగా గట్టు. దాన్ని చేత్తో తడిమింది. తలెత్తి నన్ను చూసింది.

"అక్కా, నేనే నీళ్లననుకో. లోపలికి రమ్మని పిలిచావు. గుమ్మానికి అడ్డంగా గోడ కట్టావు. నేనెటు పోవాలి?"

అప్పుడు తెలిసింది. చెలకలో అయితే గట్టు ఎగువన ఉండాలి, పై నుంచి కొట్టుకొచ్చే మన్ను దాని వెనక నిలవాలి. రోడ్డు నోటికి గట్టు దిగువ ఒడ్డున ఉండాలి, వచ్చే నీళ్లను అడ్డుకుని లోపలికి తిప్పాలి. ముప్పైరెండు మందిమి, ఒక్కరం కూడా తప్పకుండా, ఎంతో శ్రద్ధగా, పాటలో తాళం పోకుండా తప్పు చేశాం. చేయించింది నేను. ఇది రాయకపోదునేమో. కానీ నేను రాయకపోతే ములాండి చెబుతాడు, అతను చెబితే ఇంకో నాలుగు కలిపి చెబుతాడు.

"తిట్టు" అన్నాను.

"తిట్టడానికి టైము లేదు. మళ్లీ తవ్వాలి. శనివారం లోపల పెద్దవాన వస్తదని చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి. తర్వాత కావాలంటే తీరుబడిగా తిడతా."

ఆమె ఆ సాయంత్రమే రోడ్డు మీది కోతను నిలువుగా కోసి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టింది. బస్సు ఆగలేదు కాబట్టి రోడ్డు తెగినట్టు లెక్క కాదని మేం మేం తీర్మానించుకున్నాం.

బుధవారం మళ్లీ దిగాం. గట్టును ఎగువ నుంచి తీసి దిగువకు వేయాలి, అంతేగా. అంతే కాదని పది నిమిషాల్లో తెలిసింది. నేను పాట ఎత్తుకున్నాను. పారలు పడ్డాయి, లేచాయి, మన్ను ఎగిరింది. ఎగువకు. అందరూ చూసుకుని నవ్వారు. మళ్లీ ఎత్తుకున్నాను. మళ్లీ ఎగువకే. వాంజా అని మా గుంపులో బాగా బలమున్న పిల్ల ఉంది, అది గట్టిగా దిగువకు తిరిగి విసరబోయి తన అత్తగారి మొహాన కొట్టింది.

"ఇన్నాళ్లూ అదను కోసం చూసినట్టున్నావు" అంది అత్తగారు, కళ్లలో మన్ను దులుపుకుంటూ.

"ఒట్టు అత్తా, చేతులు మాట వినట్లేదు."

పాట ఆపి తవ్వితే ఎవరికి వాళ్లు తవ్వుతారు, పని నత్తలా నడుస్తుంది. పాటతో తవ్వితే మన్ను ఎగువకు పోతుంది. కటుంగె నడుం మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని చూసింది, తర్వాత కొండ మీద కుర్చీని చూసింది. ఎక్కి వెళ్లింది. ఏం మాట్లాడిందో నాకు తర్వాత ములాండే చెప్పాడు.

"బావా, నువ్వు బతుకులో ఎన్ని మెట్లు తవ్వావు?"

"ఒక్కటి కూడా లేదు. నాకు యంత్రముండేది."

"పార పట్టడం?"

"పెళ్లిలో ఫొటోకి పట్టుకున్నా."

"నాకు నువ్వే కావాలి. లే."

ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని దింపుకొచ్చింది. వరసకు ముందు నిలబెట్టి పార ఇచ్చింది. ములాండి ఒకసారి తవ్వాడు. బరువు మోయలేక మన్నును దిగువకు జార్చాడు. ఎంత సహజంగా జార్చాడంటే మా అమ్మ ఉంటే ఆ కర్ర విరిగేది.

"చూశారా" అంది కటుంగె. "ఈ ఊరు మొత్తానికి పాడవని చేతులు ఇవే. అందరూ ఆయన్ని చూసి చెయ్యండి. అక్కా, నీ పాట ఆపు. బావే పాడతాడు."

"నాకు పాటలు రావు."

"రేడియోలో వచ్చేది పాడు."

ములాండి రేడియోలో పొద్దున్నే వచ్చే టీపొడి ప్రకటన ఎత్తుకున్నాడు. దానికి మా తాళం లేదు, మా అమ్మల తాళం అసలే లేదు. ఒంటికి తెలియని తాళం కాబట్టి ఒళ్లు కొత్తగా నేర్చుకుంది. టీపొడి పేరు వచ్చిన చోటల్లా ముప్పైరెండు పారలు దిగువకు వంగాయి. నవ్వలేక వాంజా కూలబడింది. మొదట్లో ములాండి పార ప్రతి మూడోసారికి జారిపోయేది. నాలుగో నోటికి వచ్చేసరికి చొక్కా విప్పి "దిగువకు, దిగువకు, ఎవరా ఎగువకు వేసేది?" అని నన్నే గదమాయించడం మొదలుపెట్టాడు. నేను మాట పడ్డాను. అది నా చెలక నోరు, పడక తప్పలేదు.

గురువారం సాయంత్రానికి ఎనిమిదీ అయ్యాయి. నోటి దిగువన పక్క కాలువకు అడ్డంగా రాళ్లు పేర్చాం, గట్ల మీద గడ్డి నాటాం, నా చేలో మెట్ల వెంట కాలువను సాగదీసి, చివర గుంట తవ్వి అరటి పిలకలు పెట్టాం. కటుంగె మాత్రం నవ్వలేదు. ఎనిమిది నోళ్లలోనూ తనే పడుకుని, ఎగువ నుంచి వాంజా చేత బిందెడు నీళ్లు పోయించుకుని, అవి ఎటు పోతాయో చూసింది. ఎనిమిది సార్లు తడిసింది.

చీమలు ఒక రోజు తప్పాయి. పెద్దవాన ఆదివారం, చర్చి వదిలే వేళకు వచ్చింది. వాన అంటే మా దగ్గర రేకుల మీద రాళ్లు కుమ్మరించినట్టే. ముందు అందరూ లోపలే ఆగారు. కటుంగె ఆగలేదు. ఆమె వెనక నేను, నా వెనక ములాండి, అతని వెనక గుంపంతా మంచి బట్టల్లోనే ఏటవాలు దగ్గరకు చేరాం. ముసెంబి కూడా వచ్చాడు.

కాలువలో నీళ్లు ఎర్రగా ఉరికొచ్చాయి. మొదటి నోటి దగ్గర రాళ్లకు తగిలి, దిగువ గట్టుకు భుజం ఆనించి, బుద్ధిగా పక్కకు తిరిగి వాంజా వాళ్ల చెలకలోకి దిగాయి. మిగిలినవి రెండో నోటికి. అక్కడ కొన్ని. మూడో నోటికి. నాలుగో నోట్లోంచి నా కందిచేలోకి నీళ్లు వచ్చాయి. పరుగెత్తలేదు. నడిచాయి, ఒక మెట్టు నింపి, రెండో మెట్టు మీదికి పాకి, అరటి గుంటలో కూర్చున్నాయి. ఎనిమిదో నోరు దాటాక పక్క కాలువలో మిగిలింది కోడిపిల్ల దాటేంత. కింద మలుపు మీద రోడ్డు వీపు తడిసి మెరుస్తోంది, ఎక్కడా కోత లేదు.

"నిలబడింది" అన్నాడు ముసెంబి. ఆ పూటకు అతని మాట అదే.

కటుంగె వానలోనే రోడ్డు నడుమ ఆడింది. నలభై ఆరేళ్ల ఆడది, భుజాలు కదుపుతూ, మా పాతకాలం ఎగురు ఎగిరి దూకింది. ములాండి టీపొడి పాట ఎత్తుకున్నాడు. నేను కూడా ఆడాను, మోకాళ్లు ఒప్పుకున్నంత.

ఆ వానలు ఏడు వారాలు పడ్డాయి. బస్సు ఒక్కరోజు కూడా ఆగలేదు. మామిడి లారీలు సంత దాకా నిండుగా పోయాయి. నా చేలో కందులు నా భుజం ఎత్తు పెరిగాయి.

డిసెంబరు మధ్యలో మవేవు వచ్చాడు, పై ఆఫీసు పెద్దమనిషిని ఒకాయన్ని కూడా వెంటబెట్టుకుని. ఆయన బూట్లు కొత్తవి. ఇద్దరూ కొలపలక తీసుకుని రెండు కిలోమీటర్లూ నడిచారు, వంద అంగలకు ఒకచోట పలక పెట్టి రసమట్టం చూశారు. ఊరంతా వెనకాలే నడిచింది. చివరికి ఆ పెద్దమనిషి కాగితం బండి మీద పెట్టి సంతకం చేసి కటుంగెకు ఇచ్చాడు.

"మూడేళ్లకు రాసిచ్చాం అమ్మా. కొండకు అవతల నాలుగు కిలోమీటర్లు కూడా మీ గుంపే చూడాలి. చేస్తారా?"

గుంపంతా కేక పెట్టింది. మవేవు కుర్రాడు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. కటుంగె కాగితం తీసుకుంది, మడిచి రవికలో పెట్టుకుంది, ఎప్పటిలాగే తల వంచి నేల చూసింది. పెద్దమనిషి బండి చక్రాలు తడి రోడ్డు అంచు మీద ఉన్నాయి, కొత్తగా నాటిన గడ్డి మీద.

"చేస్తాం నాయనా" అంది. "ముందు నీ బండి తియ్యి. నా రోడ్డు భుజం మీద నిలబెట్టావు."